మూడో అంతస్తులో సంబరాలు

నవంబరు 2

అక్కా,

క్షేమంగా చేరాను. బస్సులో పక్క సీటావిడ దారి పొడుగునా నా భుజం మీదే నిద్రపోయి, దిగేటప్పుడు "భలే మెత్తగా ఉన్నావమ్మా" అంది. పరుపులు కుట్టేదాన్ని కదా, ఆ మాత్రం మెత్తదనం అంటుకుని ఉంటుందిలే అనుకున్నాను.

తమ్ముడు బస్టాండుకే వచ్చాడు. లావయ్యాడు. ఊళ్లో లిఫ్టులన్నీ వాడే బాగుచేస్తాడట గానీ, వాడుండే బిల్డింగులో లిఫ్టు మాత్రం ఏడాది నుంచీ పనిచేయడం లేదు. యజమాని సామాన్లు కొనడట, వీడు ఊరికే చెయ్యడట. అందుకని మూడో అంతస్తుకి మెట్లే గతి. నా సంచి వాడే మోశాడు. మరదలు గుమ్మంలోనే కాఫీ గ్లాసుతో నిలబడి, "వదినా, ముందు తాగండి, తర్వాత మాట్లాడండి" అంది. పాప నన్ను చూసి తలుపు చాటుకి పోయింది, కాసేపటికి వచ్చి నా ఒళ్లో కూర్చుని నా చెవి కమ్మ లాగి చూసింది. నాలుగేళ్ల పిల్లకి వాళ్ల నాన్న మొండితనమంతా వచ్చింది.

ఇక వీధి సంగతి చెప్పాలి. ఇక్కడి దుకాణాలవాళ్లందరూ కలిసి చలికాలం మొదలైన దగ్గర్నుంచీ సంబరం పెడతారు. వీధి రెండు చివరలా అడ్డుకర్రలు కట్టేసి బళ్లు రానివ్వరు. ఈ మేడ నుంచి ఆ మేడకి దీపాల తోరణాలు. బ్యాండువాళ్లు, డప్పులవాళ్లు, కాగితంతో చేసిన ఇంతెత్తు జంతువుల్ని భుజాల మీద మోసుకుంటూ తిరిగేవాళ్లు. వాటిలో ఏనుగు తొండాన్ని పొడుగాటి వెదురుగడతో పైకెత్తితే మా కిటికీ దాకా వచ్చింది. పాప దానికి బిస్కెట్టు పెట్టింది.

తిండి అడక్కు. నిన్న సాయంత్రం తమ్ముడు మమ్మల్ని కిందికి తీసుకెళ్లి ఈ చివర నుంచి ఆ చివరదాకా తినిపించాడు. బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న, ఉప్పూకారం రాసి పెనం మీద ఎర్రగా వేయించిన చేప, పల్చటి రొట్టెలో చుట్టిన మాంసం, పాకంలో మునిగి తేలే పిండి ముద్దలు. చేప వేయించే ఆయన తమ్ముడికి తెలుసు కాబట్టి నడుం ముక్క నాకే వేశాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదంటారే, అలాగ. నేను పిచ్చుకలా తింటానని పేరు పెట్టావు కదా, నిన్న చూసి ఉంటే ఆ పేరు వెనక్కి తీసుకునేదానివి. నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది, అదొక్కటే లోటు.

పది రోజులు ఉండి వచ్చేస్తాను. హాస్టలు పరుపుల పని మొదలయ్యే వేళకి అక్కడుంటాను. ఫోను చేద్దామంటే దూది ఏకే మిషను నీ చెవుల్ని మింగేసిందాయె. ఉత్తరమే రాయి.

నీ పిచ్చుక

•

నవంబరు 7

ఏమే పిచ్చుకా,

నీ ఉత్తరం చదువుతుంటే కాగితం జిడ్డుగా అనిపించింది. చేప తిన్న చేత్తోనే రాసినట్టున్నావు. నేను ఆ పూట పచ్చడి మెతుకులు తింటూ చదివాను, పచ్చడి కూడా చేపలాగే ఉంది.

ఇక్కడంతా కులాసా. హాస్టలు వార్డెను దూది, గుడ్డ ముందే పంపించేసింది. కొట్లో దూది మూటల మధ్య నడవడానికి దారి లేదు. నువ్వొచ్చేదాకా ఆగుదామనుకున్నాను గానీ, చేతులు ముడుచుకుని కూర్చోవడం నాకు చేతకాదు కదా. ఇస్త్రీ ఆవిడ కూతుర్ని పిలిచి, పరుపు బిగించే చట్రం కింద కూర్చోబెట్టాను. నేను పైనుంచి దబ్బనం గుచ్చితే ఆ పిల్ల కింద అందుకుని తిరిగి పైకి పొడుస్తోంది. పురికొస లాగితే ఆగాలి, వదిలితే పొడవాలి అని నేర్పాను. నాకు వినపడకపోయినా దారంతో మాట్లాడొచ్చని తెలిసి తెగ నవ్వుకుంది. త్వరలోనే చెయ్యి తిరుగుతుంది.

కాబట్టి నువ్వు పరిగెత్తుకు రానక్కర్లేదు. చుట్టపు చూపుగా వెళ్లినదానివి నాలుగు రోజులు ఎక్కువుంటే కొంపలేమీ మునగవు. బుద్ధి తెలిసినప్పటి నుంచీ చట్రం కింద కూర్చుని పరుపు అడుగు భాగమే చూశావు. ఇప్పుడు దీపాలు చూడు.

తమ్ముడికి లావు తగ్గమని చెప్పు. మరదలికి నా ఆశీస్సులు. అమ్మ చెప్పింది గుర్తుందిగా: ఉత్తరంలో ఏడుపు రాయకూడదు, అది చేరేసరికి ఇక్కడ తీరిపోతుంది, అక్కడ మొదలవుతుంది. నీకు ఏడవాల్సిన అవసరం ఏమీ ఉన్నట్టు లేదులే.

మీ అక్క

•

నవంబరు 13

అక్కా,

నీ ఉత్తరం మరదలు పైకి చదివింది. లావు తగ్గమన్న చోట తమ్ముడు వినపడనట్టు నటించాడు. మన ఇంటి చెవుడు వాడికీ వచ్చిందని ఆటపట్టించాను.

ఇక్కడ కొత్త సంగతి ఏమిటంటే మరదలు మళ్లీ మందుల షాపు ఉద్యోగంలో చేరింది. పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తుంది. పాపని నేనే చూసుకుంటున్నాను. చేరేముందు నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే సరే అనేదాన్నే, కాకపోతే సరే అనే అవకాశం ఇచ్చి ఉంటే బాగుండేది. పాప ఇప్పుడు నా పక్కన తప్ప పడుకోదు. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చుని "చిన్నత్తా, ఉన్నావా" అని అడుగుతూనే ఉంటుంది. ఉన్నానే తల్లీ, ఎక్కడికి పోతాను అంటాను.

టికెట్టు సంగతి తమ్ముణ్ణి అడిగాను. రేపు కొంటానన్నాడు. మర్నాడు టికెట్టు బదులు వేడివేడి బంగాళాదుంప వేపుడు పొట్లం తెచ్చాడు. మళ్లీ అడిగితే పాకం ముద్దలు తెచ్చాడు. నోటి నిండా ముద్ద పెట్టుకుని ఎవరు మాత్రం గట్టిగా ఏం మాట్లాడగలరు? ఆదివారం బళ్ల దగ్గర కొత్త వంటవాడు వస్తాడట, వాడి పులుసు తినకుండా వెళ్తే మహాపాపమట. పులుసు బాగుంది. ఆ తర్వాతి ఆదివారం ఇంకోటేదో ఉందట.

నా సంచి అటక మీద పెట్టేశారు. ఇల్లు చిన్నది, కాలికి అడ్డం పడుతోందని. దాని ముందు దీపాల పెట్టెలు పెట్టారు కాబట్టి కనపడదు కూడా. రోజుకోసారి తలెత్తి అటు చూస్తూంటాను.

నువ్వెలా ఉన్నావు? ఆ పిల్ల పని నిజంగా నేర్చుకుంటోందా? హాస్టలు పరుపులు చాలా ఉన్నాయి కదా. నేను రావాలంటే చెప్పు అక్కా. నువ్వు రమ్మన్నావని చూపిస్తే వీళ్లు కాదనరు. నా అంతట నేను వెళ్తానంటే తమ్ముడి మొహం చిన్నబోతోంది, మరదలు "మా వల్ల ఏం తప్పు జరిగింది వదినా" అంటోంది. తప్పేమీ లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నువ్వొక్క ముక్క రాస్తే చాలు.

డప్పులవాళ్లు వెళ్తున్నారు, పాప కిటికీ ఎక్కింది. ఉంటాను.

నీ పిచ్చుక

•

నవంబరు 18

పిచ్చుకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకుని నవ్వుకున్నాను. టికెట్టు అడిగితే పొట్లం తెచ్చే తమ్ముడు ఎంతమందికి ఉంటాడే? నా మాట అడ్డం పెట్టుకుని వచ్చేస్తానంటావా? నేను ఒంటరిగా ఉన్నానన్న జాలితో నీ నోటి దగ్గర ముద్ద నువ్వే తీసేసుకోవాలని చూస్తున్నావు. నాకు తెలియదనుకోకు. రమ్మని రాసి నీ సంబరం పాడుచేసేటంత పాపిష్టిదాన్ని కాను.

పని గురించి బెంగ వద్దు. ఇస్త్రీ ఆవిడ కూతురు నీకంటే చక్కగా లాగుతోంది. నీలా మధ్యలో పాటలు పాడదు. నువ్వు కింద ఏం పాడినా నాకెలాగూ వినపడదనుకో, పురికొస మాత్రం నీ పాటకి ఊగేది. ఇప్పుడు తిన్నగా ఉంటోంది.

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారు పడకు. కలం మంచిది కాదు. ఎడమ చేత్తో రాస్తే ఎలా ఉంటుందో చూద్దామని సరదా పుట్టింది కూడా. ఈ వయసులో కొత్త విద్య.

సంబరం అయ్యేదాకా ఉండు. పాపకి నువ్వంటే అంత ప్రేమ పుట్టిందంటే నాకు సంతోషంగా ఉంది. మనిద్దరికీ పిల్లల్లేరు కదా, ఎవరో ఒకరు తలుపు బయట కూర్చుని ఉన్నావా అని అడగడం ఎంత బాగుంటుందో నేను ఊహించుకోగలను.

మీ అక్క

•

నవంబరు 23

అక్కా,

నాకంటే బాగా లాగే మనిషి నీకు దొరికినందుకు చాలా సంతోషం. పాటలు పాడని మనిషి కావడం మరీ మంచిది. ఇన్నాళ్లూ నా పాట నీకు పనికి అడ్డమని నాకు తెలియలేదు, తెలిస్తే మానేసేదాన్ని.

నేనిక్కడ మహా సుఖంగా ఉన్నాను. రోజూ పండగే. తమ్ముడు తెచ్చే పొట్లాలు తినలేక మిగిలిపోతున్నాయి. కింద పెనం మీద బుసబుసలాడే చేప మూడు అంతస్తులెక్కి వచ్చేసరికి మెత్తబడిపోతుంది, అయినా చేప చేపే కదా. పాపకి జలుబు చేసింది. వారం నుంచీ మేమిద్దరం కిందికి దిగలేదు. ఒక్కదాన్నీ దిగుదామంటే పాపని ఎవరికి అప్పగించాలి? తమ్ముడైతే నన్ను ఒక్కదాన్నీ వెళ్లనే వద్దంటాడు, ఆ జనంలో తప్పిపోతానట. ఈ వయసులో తప్పిపోయే అదృష్టం కూడానా అని నవ్వాను. వాడు నవ్వలేదు, నిజంగానే భయపడుతున్నాడు పాపం.

అందుకని కిటికీలోంచి చూస్తున్నాం. పైనుంచి చూస్తే సంబరంలో అందరి నెత్తులే కనపడతాయి. ఎవరు నవ్వుతున్నారో తెలియదు. పాట మాత్రం గది నిండా ఉంటుంది, తలుపులు మూసినా వస్తుంది. ఆ వెలుగు గోడ మీద ఎర్రగా పచ్చగా తిరుగుతూనే ఉంటుంది. ఇంత సందడి మధ్య కూర్చుని నాకెందుకో మన కొట్లో దూది పొగ గుర్తొస్తోంది. అదేం పిచ్చో.

ఒక చిన్న పని చేసిపెట్టు. నా దబ్బనం, ఇత్తడి వేలి తొడుగు పంపించు. చూరు కింద డబ్బాలో ఉంటాయి. పాప పరుపు కొట్లో కొన్నది, లోపల దూది ఉండలు కట్టి రాళ్లలా ఉంది. విప్పి, ఏకి, మళ్లీ కుడతాను. చేతులు ఊరుకోవడం లేదు. పిల్లని ఎత్తుకోవడం, పొట్లం విప్పడం తప్ప వీటికి వేరే పని లేకుండా పోయింది.

కొత్త అమ్మాయికి నా శుభాకాంక్షలు చెప్పు.

నీ చెల్లెలు

•

నవంబరు 28

చెల్లీ,

నువ్వడిగినవి పంపుతున్నాను. దబ్బనానికి నూనె రాశాను, తుప్పు పట్టదు. వేలి తొడుగు తోమాను. చిన్న పురికొస ఉండ కూడా పెట్టాను, అక్కడ దొరుకుతుందో లేదో.

నోటితో చెప్పలేకపోయావు, అర్థం చేసుకున్నాను. నాకేమీ కోపం లేదు. అమ్మ కూడా ఇలాగే నూనె రాసి, గుడ్డలో చుట్టి ఇచ్చేది. నేనూ ఆ పద్ధతి తప్పలేదు.

సుఖంగా ఉండు. ఒంటి మీద శ్రద్ధ పెట్టు, చల్లారిన తిండి తినకు.

మీ అక్క

•

డిసెంబరు 2

అక్కా,

పొట్లం చేరింది. విప్పి చూశాను. పాప వచ్చి "చిన్నత్తా, కంట్లో ఏం పడింది" అంది. దూది పడిందన్నాను.

గుడ్డలో చుట్టి, నూనె రాసి. అమ్మ ఎవరికి అలా ఇచ్చేది? పని మానేసి పోయే కూలివాళ్లకి. నీ దబ్బనం నీకిచ్చేశాను, నీకూ నాకూ లెక్క తీరిందని. నేను కూలిదాన్నా అక్కా? చట్రం కింద నా జీవితమంతా కూర్చున్నాను, పైన నువ్వు, కింద నేను. ఇస్త్రీ ఆవిడ కూతురు కుదిరిందని నా వస్తువులు సర్ది పంపించేశావా? ఏదో పాప పరుపు కుడదామని అడిగితే, ఇక రావద్దని చెప్పడానికి ఇదే సందనుకున్నావా?

సరే. నీ ఇష్టమే నా ఇష్టం. నేనిక్కడే ఉంటాను. తమ్ముడితో చెప్పాను. ఎంత సంబరపడిపోయాడో, గోడవారగా నాకో మంచం చేయిస్తానన్నాడు, అప్పుడే టేపు తెచ్చి కొలిచాడు కూడా. మరదలు నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. అందరూ సంతోషంగా ఉన్నారు. రాత్రి భోజనంలోకి మాంసం చుట్టిన రొట్టెలు తెప్పించారు. నాకు సగం కూడా దిగలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి ఉన్న మనిషికి ఎంత మంచి తిండి పెడితే మాత్రం ఏం రుచి.

పాప పరుపు విప్పలేదు. దబ్బనం గుడ్డలోనే ఉంది.

నీ చెల్లెలు

•

డిసెంబరు 6

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని నేను, ఇన్నాళ్లూ దాన్నే పట్టుకు వేళ్లాడాను. అమ్మ చెప్పిన నియమం తీసి పక్కన పెట్టి రాస్తున్నాను, చదువు.

అమ్మ దగ్గర పనిచేసేవాళ్లు మానేస్తామని నోరు తెరిచి చెప్పేవాళ్లు కాదు. మొహమాటపడి "అమ్మా, నా దబ్బనం ఓసారి ఇయ్యి" అనేవాళ్లు. అమ్మ ఇంకేమీ అడగకుండా నూనె రాసి ఇచ్చేది. నువ్వు దబ్బనం పంపమని రాస్తే, ఇక రానని చెబుతున్నావనుకున్నాను. నాకు చెప్పడానికి నీకు మొహం చెల్లక అలా రాశావనుకున్నాను. పాప పరుపు ఒక వంక అనుకున్నాను. నిన్ను నేను పంపించేయడం ఏమిటే? పొట్లం కట్టేటప్పుడు ఆ గుడ్డ ముడి నాకు పడితేనా.

ముడి పడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పిల్లకి పని రాలేదు. నేను దారం లాగి ఆగమన్నప్పుడు అది పొడిచింది. దబ్బనం కుడి అరచేతిలో దిగింది. దాని తప్పు కాదు, నీలాగా నా చెయ్యి ఎక్కడుందో కింద నుంచి తెలుసుకోవడం దానికెలా వస్తుంది? చెయ్యి వాచింది, డాక్టరు కట్టు కట్టాడు, చీము తీశాడు. ఇప్పుడు పరవాలేదు, వేళ్లు మాత్రం పూర్తిగా ముడుచుకోవడం లేదు. ఆ పిల్ల భయపడి మళ్లీ రాలేదు. వార్డెను దూదిమూటలు తిరిగి తీసుకుపోయింది, పని వేరేవాళ్లకి ఇచ్చింది. గోరుచుట్టు మీద రోకటి పోటు.

నీకు రాయలేదు. నువ్వు చేపలూ దీపాలూ అని రాస్తుంటే ఎలా రాయను? నీకంటే చక్కగా లాగుతోందని రాసింది కూడా నువ్వు నిశ్చింతగా ఉంటావనే. పిచ్చిదాన్ని. నీ పాట నాకు వినపడదు గానీ, పురికొసలో వచ్చేది. అది ఆగిపోయిన దగ్గర్నుంచీ కొట్లో ఏదీ బాగాలేదు.

నువ్వు అక్కడే ఉంటానన్నావు. మంచం కూడా కొలిచారన్నావు. రెండు చేతుల పని ఒంటి చేత్తో ఎంతకాలం సాగుతుంది? కొట్టు ఖాళీ చేస్తానని యజమానికి చెప్పేశాను. పదిహేనో తారీఖున తాళంచెవి తీసుకుంటాడు. చట్రం ఎవరైనా తీసుకుంటారేమో చూస్తున్నాను. నేనూ అక్కడికే వచ్చేస్తాను. తమ్ముడు ఎప్పటి నుంచో ఇద్దర్నీ రమ్మంటున్నాడు కదా.

ఆ గదిలో నాకో మూల ఉంటుందా? తమ్ముణ్ణి అడగడానికి నాకు మొహమాటంగా ఉంది, నువ్వు అడిగిపెట్టు. నాకు ఆ చేపల మీద ఆశేమీ లేదే. ఒక్కదాన్నీ కూర్చుని తినలేకపోతున్నాను, అంతే.

మీ అక్క

•

డిసెంబరు 10, బస్టాండు

అక్కా,

ఈ బస్సులో సీటు లేదు. తర్వాతిది సాయంత్రం. ఉత్తరానికి సీటు అక్కర్లేదు కదా అని డ్రైవరు చేతికిస్తున్నాను. మన ఊరి స్టాండులో టీకొట్టు ఆయన నీకు తెచ్చిస్తాడు. డ్రైవరు టీ తాగుతున్నాడు, అది అయ్యేలోపల రాయాలి.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మరదలికి ఇవ్వకుండా నేనే చదివాను. నీ చేతి సంగతి చదివి, ఆ వంకర అక్షరాల ఉత్తరం తీసి మళ్లీ చూశాను. నన్ను రమ్మని ఒక్క ముక్క రాయమని అడిగాను, నువ్వు నా మంచికే రాయలేదు. నాకిక్కడ ఊపిరాడటం లేదని ఒక్క ముక్క నేను రాయలేదు, నీ మంచికే. ఇద్దరం కలిసి ఒకరినొకరు ఎంత చక్కగా ముంచుకున్నామో చూడు.

నాకిక్కడ బాగాలేదక్కా. మొదటి వారం నిజంగా బాగుంది, ఆ తర్వాత రాసినదంతా మెరుగు పెట్టి రాసింది. ఆ గదిలో నువ్వు కూడా వచ్చి కూర్చుంటే, నీకొక మంచం, నాకొక మంచం, మధ్యలో పాప. మనల్ని బంగారంలా చూసుకుంటారు. పొట్లాలు తెస్తారు. మనం కిటికీలోంచి నెత్తులు చూస్తూ ముసలివాళ్లమైపోతాం.

ఇవాళ ఆదివారం, అందరూ ఇంట్లో ఉన్నారు. స్టూలు వేసుకుని అటక మీది పెట్టెలన్నీ దింపి సంచి తీశాను. తమ్ముడు ఏమిటన్నాడు. వెళ్తున్నానన్నాను. వాడు అడిగాడు, "నీకిక్కడ ఏం తక్కువైంది చిన్నక్కా?"

ఈ ప్రశ్నకి భయపడే ఇన్నాళ్లూ ఆగిపోయాను. దీనికి జవాబు లేదు కదా, ఏదీ తక్కువ కాలేదు. అదే చెప్పాను.

"ఏదీ తక్కువ కాలేదురా. నేను చుట్టాన్ని. చుట్టాన్ని వెళ్లనివ్వాలి."

వాడికి కోపం వచ్చింది. పెద్దక్క కూడా వస్తోంది కదా, ఇద్దరూ హాయిగా ఉండక ఆ దూదిలో ఏముందని అడిగాడు. నువ్వు వస్తానన్నావని నేను వాడికి చెప్పనే లేదు, మరి వాడికెలా తెలిసింది, నీకు వాడు విడిగా ఏమైనా రాశాడా? నాకు అనుమానం వచ్చింది గానీ అడగలేదు. వాడు మనల్ని ప్రేమతోనే పట్టుకుంటున్నాడు. పట్టు పట్టే కదా.

ఆశ్చర్యం ఏమిటంటే మరదలు ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. "ఉద్యోగంలో చేరేముందు మిమ్మల్ని అడగాల్సింది వదినా, అడిగితే కాదంటారేమోనని భయపడ్డాను" అంది. నేను సరే అనేదాన్నని చెప్పాను. ఇద్దరం ఆ మాటతో తలొంచుకున్నాం. పాపని పక్క వాటాలో పిల్లల్ని చూసుకునే ఆవిడ దగ్గర ఉంచుతుందట, ఎప్పుడో మాట్లాడి పెట్టుకుందట, తమ్ముడే చిన్నక్క ఉండగా పరాయివాళ్లెందుకన్నాడట.

పాప సంగతే కష్టమైంది. నా చెప్పులు ఎక్కడో దాచేసింది. బతిమాలాను, ఇవ్వలేదు. ఏడవను కూడా ఏడవలేదు, రెండు చేతులూ కట్టుకుని గోడకి తిరిగి నిలబడింది. దాని వీపు చూసి నేను సంచి కింద పెట్టేసేదాన్నే. మరదలు తన చెప్పులు తెచ్చి నా ముందు పెట్టింది. అవి వేసుకుని మెట్లు దిగాను. నాకవి పెద్దవి, టపటపా చప్పుడవుతుంటే మూడు అంతస్తులూ ఆ చప్పుడు వింటూ దిగాను. పైనుంచి పాప పిలుస్తుందేమోనని చూశాను, పిలవలేదు.

కిందంతా జనం. సంచి నెత్తిన పెట్టుకుని తోసుకుంటూ నడిచాను. ఎవరి మోచెయ్యో తగిలింది, ఎవరో నా కాలు తొక్కి క్షమించమన్నారు. మొహాలు కనపడ్డాయక్కా, నెత్తులు కాదు. డప్పులవాళ్లలో ఒకాయన పళ్లు లేని నోటితో నవ్వుతూ కొడుతున్నాడు. చేప వేయించే ఆయన నన్ను గుర్తుపట్టి, తమ్ముడేడమ్మా అని అడిగాడు. రాలేదు, నేనొక్కదాన్నే అన్నాను. పెనం మీద నుంచి తీసి ఆకులో పెట్టి ఇచ్చాడు. నిలబడే తిన్నాను. నాలుక కాలింది. ఈ నలభై రోజుల్లో అంత బాగున్నది ఇంకేదీ తినలేదు.

ఇక పని సంగతి. నీ చెయ్యి బాగయ్యేదాకా పెద్ద పరుపులు వద్దు. దిళ్లు కుడదాం, అవి నేనొక్కదాన్నీ కుట్టగలను. నువ్వు దూది ఏకు, తిట్టు, కూర్చో. వార్డెను దగ్గరికి నేను వెళ్తాను. ఇస్త్రీ ఆవిడ కూతుర్ని కూడా వెళ్లి పలకరించాలి, పాపం, అది భయంతో అన్నం మానేసి ఉంటుంది.

డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు. తాళంచెవి ఇవ్వకు. ఇచ్చేసి ఉంటే తిరిగి అడుగు. అడగడానికి మొహమాటమనిపిస్తే గుమ్మం ముందు చట్రం అడ్డంగా వేసుకుని కూర్చో, ఎవరొచ్చినా లేవకు. రేపు పొద్దుటికి నేనొచ్చి అడుగుతాను. అడగడం ఇవాళే మొదలుపెట్టాను.

నీ పిచ్చుక